గుర్రం తాత

"మీరెక్కణ్ణించి వచ్చారు?" అని మమ్మల్ని అడుగుతారు. మదనపల్లె అంటాం. "అది సరే, అసలు?" అంటారు. పుంగనూరు అంటాం. "అది కాదు సాయిబూ, మీ పెద్దోళ్లు, మొదట్లో?" అంటారు. అడిగేవాళ్లలో అందరూ చెడ్డవాళ్లు కారు. రైల్లో పక్క సీట్లో కూర్చుని ఇడ్లీ పొట్లం పంచుకున్నవాళ్లూ అడిగారు. ఇరవై ఏళ్లు ఒకే స్టాఫ్ రూములో కూర్చున్నవాళ్లూ అడిగారు. రెడ్డినో, కమ్మనో, శెట్టినో ఈ 'అసలు' ఎవరూ అడగరు. అడిగినా ఊరి పేరు చెప్తే సరిపోతుంది. మాకు మాత్రం ఊరి పేరు సరిపోదు. 1992 డిసెంబర్ 6 తర్వాత ఈ ప్రశ్న గొంతు మారింది గానీ, ప్రశ్న అంతకుముందూ ఉంది.

చాలా కాలం మా దగ్గర దీనికో జవాబుండేది. మా గుర్రం తాత.

గుర్రం తాత మా దాదాకు దాదా. పేరు ఎవరికీ తెలీదు. ఇంట్లో అందరికీ ఆయన గుర్రం తాతే. ఆయన హైదర్ అలీ గుర్రపు దండులో వచ్చాడనీ, గుర్రంకొండ కోటలో ఉన్నాడనీ, దండు చెదిరిపోయాక పుంగనూరులో దిగాడనీ చిన్నప్పట్నించీ విన్నాం. ఈ కత చెప్పేటప్పుడు మా దాదా కొంచెం నిటారుగా కూర్చునేవాడు. మేమూ అంతే. సైకిలు పంక్చర్లు వేసే ఇంటికి ఒక గుర్రం ఉండటం చిన్న విషయం కాదు. బళ్లో 'తురకోడా' అని పిలిపించుకున్న రోజు ఆ గుర్రం మాకు అక్కరకొచ్చింది.

ఒక రోజు పలక మీద లెక్క వేసుకున్నట్టు కూర్చుని లెక్క వేశాం. హైదర్ అలీ చనిపోయింది 1782 డిసెంబర్‌లో, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో. 1792లో శ్రీరంగపట్నం సంధి జరిగి టిప్పు సగం రాజ్యం పోగొట్టుకున్నాక గుర్రంకొండ సీమ నిజాం చేతికి పోయింది. 1800లో నిజాం దాన్ని కుంపిణీకి ఇచ్చేశాడు. అవే దత్తమండలాలు. మా దాదా పుట్టింది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. ఆయన దాదా అంటే ఎంత వెనక్కి లాగినా 1830కి అటూ ఇటూ పుట్టి ఉండాలి. హైదర్ పోయిన యాభై ఏళ్లకు పుట్టినవాడు హైదర్ దండులో గుర్రం ఎలా ఎక్కాడు?

ఎక్కలేదు. మరి గుర్రం ఎక్కడిది?

వెతుకుదామనుకున్నాం. మేమంటే మదనపల్లెలో ఉన్న మేమూ, పుంగనూరులో మిగిలిన చిన్నాయన పిల్లలూ, కుప్పంలో స్థిరపడి సగం బెంగళూరుకు పోయిన శాఖా. వెతకడం మొదలెట్టాక తెలిసింది, మా మూడు ఊళ్లూ బస్సులో ఒక పూట ప్రయాణమే అయినా కాగితాల్లో మూడు దేశాలని. పందొమ్మిదో శతాబ్దంలో మదనపల్లె కడప జిల్లా. పుంగనూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో జమీందారీ. కుప్పం కూడా ఉత్తర ఆర్కాటే, కాని కంగుంది జమీందారీ. ఇవన్నీ కలిసి చిత్తూరు జిల్లా అయ్యింది 1911 ఏప్రిల్ 1న. మళ్లీ 2022లో మదనపల్లెను చిత్తూరు నుంచి విడదీశారు. మా తాతలు ఉన్న చోటే ఉన్నారు, జిల్లాలే వాళ్ల మీదుగా నడిచిపోయాయి.

దత్తమండలాల్లో మన్రో కాలం నుంచి రైతువారీ లెక్కలున్నాయి. భూమి ఉన్నవాడి పేరు ఎక్కడో ఒకచోట కరణం రాసిపెట్టి ఉంటాడు. జమీందారీల్లో అయితే జమీందారు కచేరీ లెక్కలే లెక్కలు. 1948 చట్టంతో జమీందారీలు పోయాకే ఆ పల్లెలు సర్కారు లెక్కల్లోకి వచ్చాయి. మసీదుకో, దర్గాకో, పీర్ల చావిడికో, ఖాజీ పనికో మాన్యం ఉన్న కుటుంబాలు 1858లో మద్రాసులో పెట్టిన ఇనాం కమిషన్ రిజిస్టర్లలో దొరుకుతాయి. తాత, తండ్రి, కొడుకు వరసగా దొరుకుతారు. మాన్యం లేనివాడికి ఆ వరస లేదు. జనాభా లెక్కల్లో చూద్దామంటే, 1871లో మద్రాసు రాజధాని అంతా మనుషుల్ని లెక్కపెట్టారు గానీ మిగిలింది అంకెలే. ఇంటింటి కాగితాలు ఉంచలేదు. అంటే మా గుర్రం తాత ఆ అంకెలో ఒకటిగా ఉన్నాడు. అంతకుమించి లేడు.

పేరు దొరికినా ఏం చేస్తాం? ఇంటిపేరు లేని జనం మేం. హుసేన్ సాబు, ఖాసిం సాబు, మస్తాన్ సాబు, మళ్లీ హుసేన్ సాబు. ఒకే పల్లెలో ఆరుగురు ఖాసిం సాబులుంటే మన తాత ఏ ఖాసిం సాబో చెప్పేదెవరు?

ఇదే మదనపల్లెలో అదే కాలంలో ఇంకో మనిషి బతికాడు. జేకబ్ చాంబర్లిన్. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ, వైద్యుడు. 1863లో మదనపల్లెకొచ్చాడు, 1908లో ఇక్కడే పోయాడు. ఎప్పుడు ఓడెక్కాడో, ఏ అడవిలో పులి ఎదురయ్యిందో, ఏ పల్లెలో ఎవరికి మందిచ్చాడో రాసుకున్నాడు, అచ్చయ్యాయి. ఆయన మనవల మనవలు సముద్రం అవతల కూర్చుని ఆయన దినచర్య చెప్పగలరు. ఈ మట్టిలోనే పుట్టి, ఈ మట్టిలోనే పోయినవాణ్ణి ఆయన సొంత మనవలం మేం చెప్పలేం. చాంబర్లిన్ మీద మాకు కోపం లేదు. ఆయన మందు మా వాళ్లూ తాగే ఉంటారు. బయట నుంచి వచ్చినవాడి మూలాలు భద్రంగా ఉన్నాయి, మావి లేవు. అయినా 'అసలు ఎక్కణ్ణించి' అన్న ప్రశ్న మాకే ఎందుకొస్తుందన్నది మా అనుమానం.

మదనపల్లెలో జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టారని ఊరంతా చెప్తుంది. 1919లో ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడి కాలేజీలోనేనని మేమూ గర్వంగా చెప్తాం. అంతెందుకు, పుంగనూరు ఆవుకు కూడా పుట్టుపూర్వోత్తరాలున్నాయి. పలమనేరు పశు పరిశోధనా కేంద్రంలో దాని జాతిని కాపాడుతున్నారు. మంచిదే, ముచ్చటైన ఆవు. కాని ఆ ఆవు పక్కన అదే సంతలో నిలబడ్డ సాయిబు గురించి అడిగితే ఎవరి దగ్గరా కాగితం లేదు.

జవాబు కాగితంలో దొరకలేదు, మనిషి నోట దొరికింది. పుంగనూరు దగ్గర పల్లెలో తొంభై దాటిన ఒక పెద్దాయన. మా దాదాను ఎరుగును. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. "మామా, మా గుర్రం తాత గురించి మీ పెద్దోళ్లేమన్నా చెప్పినారా?" అని అడిగాం. ఆయన బోసినోటితో నవ్వాడు. "గుర్రాలెక్కినోళ్లు కాదు నాయినా మీరు. ఎద్దుల కాళ్లకు లాడాలు కొట్టినోళ్లు. యాడన్నా గుర్రమొస్తే దానికీ కొట్టేటోళ్లు. లాడాల సాయిబు అంటే మా నాయనకు తెలుసు. ఈ ఊరి ఎద్దులన్నీ ఆ ఇంట్లోనే పండుకున్నాయి."

పండుకోవడమంటే, ఎద్దును తాళ్లతో పడగొట్టి, నాలుగు కాళ్లూ కలిపి కట్టి, డెక్కలు చెక్కి, ఇనుప లాడం పెట్టి మేకులు దిగ్గొట్టడం. ఉర్దూలో నాల్‌బంద్ అంటారు. మేకు ఒక పక్కకు జరిగితే ఎద్దు కుంటిదైపోతుంది. ఎద్దు కుంటిదైతే రైతు ఇల్లు కుంటిదవుతుంది. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరుకు రైలు పడి, కుప్పం ఆ దారిలో స్టేషనయ్యాక, చుట్టుపక్కల సీమల సరుకు ఎద్దుల బళ్ల మీద అటు పోయేది, అటు నుంచి వచ్చేది. రాళ్ల దారిలో పోయే ఎద్దుకు లాడం లేకపోతే కుదరదు. మా వాళ్లు మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు చోట్లా ఎందుకు చెదిరి ఉన్నారో మాకప్పుడర్థమయ్యింది. దండు వెంట కాదు, బళ్ల వెంట పోయారు.

ఆ సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు బస్సులో మాలో ఎవరూ మాట్లాడలేదు. ఎందుకు? గుర్రమెక్కి నాలుగు ఊళ్లు తగలబెట్టినవాడి కంటే, ఎద్దు కాలు పట్టుకుని మేకు దించినవాడు ఏ విధంగా తక్కువ? ఈ ప్రశ్నకు జవాబు మాకు తెలుసు. మీటింగుల్లో చెప్తాం కూడా. అయినా మనసులో ఏదో పోగొట్టుకున్నట్టే ఉండింది. ఎవరో మమ్మల్ని చిన్నచూపు చూశారని నలభై ఏళ్లు తిట్టుకున్నవాళ్లం, అదే చిన్నచూపుతో మా తాతను చూశాం.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. దండులో వచ్చామంటే, "బయట నుంచి వచ్చారు కదా, వెళ్లండి" అంటారు. ఇక్కడివాళ్లమే, ఏ ఫకీరు చేతిలోనో కల్మా చదివిన పనివాళ్ల పిల్లలం అంటే, "అయితే వెనక్కి రండి" అంటారు. రెండు జవాబులకూ రెండు ఉచ్చులు సిద్ధంగా ఉన్నాయి. మేం ఏ తాతను చూపించినా ఆ తాత మెడకు ఒక తాడు పడుతుంది. అలాంటప్పుడు తాతను వెతకడమే తప్పేమో అని మాలో కొందరన్నారు. 2019 ఆగస్టులో అస్సాంలో పౌరుల జాబితా వచ్చినప్పుడు 19 లక్షల మందికి పైగా బయట పడిపోయారు. 1971 మార్చి 24 నాటికి మీ పెద్దోళ్లు ఇక్కడున్నారని చూపించమన్నారు వాళ్లను. తాత ఉన్నాడు, తాత కాగితం లేదు. వరద తీసుకుపోయిన ఇంట్లో కాగితం ఎక్కడుంటుంది? ఆ డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మా ఇళ్లలో కూడా ట్రంకు పెట్టెలు కిందికి దిగాయి. బడి టీసీలు, రేషను కార్డులు, చిరిగిన నికానామాలు. అందరం తాతల్ని వెతుక్కున్నాం, ప్రేమతో కాదు, భయంతో.

ఆ పెట్టెల్లోనే దొరికింది మేం వెతకని కాగితం.

కుప్పం ఇంట్లో, మా ఫుప్పు మంచం కింది పెట్టెలో, పాత గుడ్డలో చుట్టి ఉంది. ముద్ర కాగితం. గొలుసుకట్టు రాత. మాలో ఎవరికీ చదవను రాలేదు. దస్తావేజులు రాసే ఒక ముసలాయన రెండు రోజులు కూర్చుని చదివిపెట్టాడు. ఈశ్వర నామ సంవత్సరం, ఆషాఢ మాసం. అంటే 1877. మదనపల్లె తాలూకాలో రెండెకరాల మెట్ట, అందులో ఒక బావి. కొన్నవాడు మా గుర్రం తాత. అమ్మినవాడు దూదేకుల వాడు. రాసి ఉన్న మాట: "మా అక్క పెనిమిటి అయిన తమకు." వెల: మూడు మూటల బియ్యం, ఏడు రూపాయలు. కింద అమ్మినవాడి నిశానీ, ఒక అడ్డగీత.

ధాత కరువు అని మా సీమలో ఇప్పటికీ అంటారు. 1876లో వానలు పోయాయి, 1878 దాకా జనం రాలిపోయారు. కడప, కర్నూలు, బళ్లారి, ఉత్తర ఆర్కాటు, సేలం. కరువు పనుల్లో మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఆ పైన చిన్న కూలీ చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టింది ఆ 1877లోనే. రాగిసంకటి తినే సీమలో ఆ ఆషాఢంలో మూడు మూటల బియ్యం ఎక్కడివి? ఓడల్లో మద్రాసుకు దిగి, రైలెక్కి వచ్చి, స్టేషన్ నుంచి బళ్ల మీద లోపలికి పోయిన ధాన్యం అయ్యుండాలి. బళ్లకు ఎద్దులు, ఎద్దులకు లాడాలు. లాడాలు కొట్టినవాడికి కూలీ గింజల్లో ముట్టి ఉంటుంది. ఊరంతా ఎండిపోయినప్పుడు మా తాత ఇంట్లో బియ్యం ఉన్నాయి. ఆయన వాటితో బావమరిది భూమి కొన్నాడు.

ఈ ఒక్క కాగితం మా ఇంట్లో రెండు గోడలు పడగొట్టింది.

మొదటిది. మేం దూదేకులవాళ్లం కాదని పుట్టినప్పట్నించీ చెప్పుకుంటూ వచ్చాం. వాళ్లు తెలుగు మాట్లాడతారు, మేం దక్కనీ మాట్లాడతాం. వాళ్లు బీసీ-బి, మేం 2007 నుంచి బీసీ-ఇ. వాళ్ల పిల్లల్ని తెచ్చుకోం, మన పిల్లల్ని ఇవ్వం. వాళ్ల ఇంట్లో భోంచేసొచ్చి "వాళ్లకు నమాజే సరిగా రాదు" అని వెనక నవ్విన రోజులున్నాయి. బ్రాహ్మణిజం గురించి వ్యాసాలు రాసిన చేతులతోనే ఇది చేశాం. ఇప్పుడు తెలిసిందేమంటే, మా అందర్నీ కన్న తల్లి దూదేకుల ఇంటి ఆడబిడ్డ. ఆమె మాట్లాడింది తెలుగే అయ్యుంటుంది. మా గుర్రం తాత పిల్లలు మొదట విన్న జోలపాట తెలుగులోనే ఉండుంటుంది.

బెంగళూరులో ఉన్న మా తమ్ముడొకడు కూతురి పెళ్లి కార్డు మీద ఇంటిపేరులా 'సయ్యద్' అని అచ్చేయించాడు. కాగితం సంగతి విని ఫోన్ చేసి, "ఈ ముచ్చట బయట చెప్పొద్దన్నా, పిల్లల సంబంధాలున్నాయి" అన్నాడు. సయ్యద్‌లు, మొగల్‌లు, పఠాన్‌లు ఆ 4 శాతం జాబితాలో లేరు. షేక్‌లున్నారు, ఫకీర్లున్నారు, అత్తరు సాయిబులున్నారు, లబ్బీలున్నారు, తురక చాకళ్లున్నారు. వాడి మదనపల్లె అన్న కొడుకు ఇంజనీరింగు సీటుకు షేక్ అని సర్టిఫికెట్ పెట్టాడు. ఒకే తాతకు కార్డు మీద అరబ్బు దేశం, దరఖాస్తు మీద వెనుకబాటుతనం. నవ్వొస్తుంది గానీ, వాణ్ణి మాత్రమే నవ్వలేం. గుర్రం కత నమ్మినన్నాళ్లూ మేం చేసిందీ అదే.

రెండోది ఇంకా కష్టమైనది. తాత చేసింది ఏమిటి? కాపాడటమా, కాజేయటమా?

మాలో ఒక పక్షం అంటుంది: ఆ ఏడాది భూమి కొనేవాడెవడు? ఎండిన బావి, దున్నలేని మెట్ట. ఊరికే బియ్యం ఇస్తే తీసుకోవడానికి బావమరిదికి నామోషీ, అందుకని కొన్నట్టు రాయించుకున్నాడు. అక్క ఊరుకుంటుందా మొగుడు తమ్ముణ్ణి దోచుకుంటే? రెండో పక్షం అంటుంది: ఊరికే ఇచ్చినవాడు ముద్ర కాగితం ఎందుకు కొంటాడు? రిజిస్టరు ఎందుకు చేయిస్తాడు? వానలు పడ్డాక భూమి వెనక్కి ఎందుకివ్వలేదు? ఆ నిశానీ పెట్టినవాడు మళ్లీ మా కుటుంబం కతల్లో ఎక్కడా కనిపించడు. పెళ్లిళ్లలో ఆ వైపు చుట్టాలు లేరు. 'మేనమామ ఇల్లు' అనే మాటే మా తాతల కతల్లో లేదు. మూడు మూటల బియ్యం అయిపోయాక అతను ఏ దారి పట్టాడో.

మాకు రెండో పక్షం మాటే నిజమనిపిస్తుంది. కాని మొదటి పక్షాన్ని కొట్టిపారెయ్యలేం. ఆకలి రోజుల్లో ఇచ్చినవాడి చేతిలోనూ, గుంజుకున్నవాడి చేతిలోనూ కనిపించేది అవే గింజలు. పుచ్చుకున్నవాడి ముఖం చూసినవాళ్లకే తేడా తెలుస్తుంది. ఆ ముఖం చూసిన మనిషి ఒక్కతే, ఆ అక్క. ఆమె మాట ఎవరూ రాయలేదు. కాగితంలో తమ్ముడికి పేరుంది, మొగుడికి పేరుంది, సాక్షులకు పేర్లున్నాయి. ఆమె 'అక్క' మాత్రమే.

మేం తాతలు చేసినదానికి మనవలు బాధ్యులా అని పుస్తకాల్లో చర్చించినవాళ్లమే. బాధ్యులు కారని మాలో చాలామంది అంటారు. బాబరు చేసినదానికి మమ్మల్ని అడగడం అన్యాయమని అరిచినవాళ్లం, ఇక్కడ వేరే మాట ఎలా చెప్తాం? బాబరు మాకేమీ ఇవ్వలేదు, ఆయన మా తాతా కాదు. కాని ఈ రెండెకరాలు మాకొచ్చాయి. ఆ బావి నీళ్లు తాగాం. 1980ల్లో ఆ భూమి అమ్మి మా పెద్దన్న కువైట్‌కు వీసా కొన్నాడు. కువైట్ డబ్బుతో మదనపల్లెలో ఇల్లు లేచింది, మేం చదువుకున్నాం, ఇలా వ్యాసాలు రాస్తున్నాం. గుర్రం కత చెప్పుకుని నిటారుగా కూర్చున్నవాళ్లం, ఈ కాగితం దగ్గరకొచ్చేసరికి 'అది ఆయన సంగతి' అని లేచిపోతే ఎలా? తాత మాకు కావాలంటే మొత్తం కావాలి. వద్దంటే గుర్రం కూడా వద్దు.

ఇచ్చెయ్యడానికి భూమి లేదు. ఇవ్వాల్సిన మనిషి జాడ లేదు. తాత సమాధి అయినా ఉందా అంటే, పుంగనూరు ఖబరస్తాన్‌లో పేరులేని రాళ్ల మధ్య ఒక రాయిని మా దాదా చూపించేవాడు. మా దగ్గర ఆ నేలకు కాగితం లేదు. తరతరాలుగా పూడ్చుకుంటున్నామన్నదే మా రుజువు. 2025 వక్ఫ్ సవరణ చట్టం, వాడుక వల్ల వక్ఫ్ అనే మాటను ఇకముందుకు తీసేసింది. రేపు ఆ రాయి కిందివాడెవడని అడిగితే ఎద్దులే సాక్ష్యం చెప్పాలి.

పోయిన రంజాన్ తర్వాత మా ఇంటి పిల్లకు ఒక సంబంధం వచ్చింది. పుంగనూరు వైపు పల్లె. పిల్లోడు టీచరు, తండ్రికి పరుపుల అంగడి ఉంది. దూదేకులవాళ్లు. పాత రోజులైతే మధ్యవర్తికి టీ ఇచ్చి పంపేసేవాళ్లం. ఈసారి నాలుగు రాత్రులు గొడవపడ్డాం. బెంగళూరు తమ్ముడు ఫోన్లోనే అరిచాడు. ఒకరు పిల్ల దక్కనీ మర్చిపోతుందన్నారు. ఇంకొకరు, ఆ కాగితం చూసి జాలితో సంబంధం చేసుకుంటే అది కూడా ఒక రకం అవమానమే, పిల్లోడు నచ్చితే చెయ్యండి, తాత అప్పు తీర్చడానికి పిల్లనివ్వొద్దు అన్నారు. ఆ మాట అన్నది పిల్లే. దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

ఫుప్పు అంతసేపూ మంచం మీద పడుకుని వింటూ ఉంది. ఎనభై ఆరేళ్లు. చివరకు లేచి కూర్చుని, "ఆ మూడు మూటల్లో ఆమె తమ్ముడికి వండి పెట్టిందా లేదా, అది చెప్పండ్రా ముందు" అంది. ఎవరూ మాట్లాడలేదు. కాసేపాగి, పల్లెకు ఎప్పుడు పోతున్నారని అడిగింది. వచ్చే ఆదివారం అన్నాం.

కారులో ముందు సీటు తనకు ఉంచమంది.